కాజ టోల్‌గేటు దాకా చదివితే చాలు

ప్రశ్న: నా వయసు 36. మాది గుంటూరు బ్రాడీపేట. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటరు గారి ఆఫీసులో పని చేస్తూ, ఆదివారాలు తప్ప రోజూ ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సులో వెళ్లి వస్తున్నాను. కాలేజీ రోజుల్లో వారానికొక నవల పూర్తి చేసేదాన్ని. ఇప్పుడు రోజుకు రెండు గంటలకు పైగా బస్సులోనే గడుస్తున్నా ఏడాదికి ఒక్క పుస్తకం కూడా పూర్తి కావడం లేదు. జనవరిలో పుస్తకాల పండుగకు వెళ్లి 700 పేజీల చారిత్రక నవల కొన్నాను. రోజూ బ్యాగులో మోస్తున్నాను కానీ 40 పేజీలు దాటలేదు. పది నిమిషాలు చదివేసరికి తల తిప్పుతుంది, లేదంటే నిద్ర వస్తుంది, రెండూ రాకపోతే చేయి ఫోను మీదికి పోతుంది. కదిలే బస్సులో చదివితే కళ్లు పాడవుతాయని మా అత్తయ్యగారు అంటారు. సాయంత్రం చాలాసార్లు నిలబడే రావాలి. పైగా పక్కసీటువాళ్లు పుస్తకంలోకి తొంగి చూస్తుంటే నాకు ఒక్క ముక్క బుర్రకెక్కదు. ప్రయాణంలో చదివే అలవాటు నిజంగా సాధ్యమేనా?
(ఒక పాఠకురాలు, గుంటూరు)

సమాధానం:

అమ్మా,

సాధ్యమే. అయితే ముందు మీ ఉత్తరంలోని లెక్కను సరిచేయాలి. బస్సులో రెండు గంటలు గడుస్తున్నాయి కాబట్టి చదవడానికి రెండు గంటలు దొరుకుతున్నాయని మీరు అనుకుంటున్నారు; ఆ రెండు గంటలూ వృథా చేశానన్న బాధతోనే రోజూ బస్సు దిగుతున్నారు. ఒక్క ఉదయం ప్రయాణాన్నే తీసుకుని చూడండి. గుంటూరు బస్టాండులో సీటు వెతుక్కోవడం, బ్యాగు ఒళ్లో సర్దుకోవడం, కండక్టరుకు కార్డు చూపి టికెట్టు తీసుకోవడం, ఊరు దాటేదాకా పదేపదే పడే బ్రేకులు, ఇవన్నీ అయ్యేసరికి పావుగంట పోతుంది. అటు చివర తాడేపల్లి దాటాక కనకదుర్గ వారధి మీద రద్దీ, ఆ తర్వాత పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లోకి తిరిగే మలుపులు, దిగేవాళ్లు ముందుగానే లేచి నడవలో నిలబడటం ఉంటాయి. మధ్యలో మిగిలేది పెదకాకాని నుంచి మంగళగిరి దాకా, బస్సు జాతీయ రహదారి మీద కాస్త ఒకే వేగంతో సాగే భాగం మాత్రమే.

అందులోనూ నేను మిమ్మల్ని సగమే అడుగుతాను. పెదకాకాని దాటగానే పుస్తకం తెరవండి, కాజ టోల్‌గేటు దగ్గర బస్సు వేగం తగ్గగానే మూసేయండి. ప్రయాణం మొత్తాన్ని పుస్తకానికి రాసివ్వాలనుకుంటే ఏ రోజూ రిజిస్ట్రేషను పూర్తి కాదు. ఎకరంలో నాలుగు సెంట్లు రాసిస్తే చాలు. ట్రాఫిక్కును బట్టి అది పది నిమిషాలో పన్నెండు నిమిషాలో ఉంటుంది, అందులో ఆరు పేజీలు తాపీగా చదవవచ్చు. నెలకు 25 పనిదినాలు అనుకుంటే 150 పేజీలు, అంటే నెలకొక చిన్న పుస్తకం. మీరు ఆడిటరు గారి ఆఫీసులో పని చేసేవారు కాబట్టి ఏడాది లెక్క నేను వేయనక్కర్లేదు. మిగిలిన సమయంలో కిటికీలోంచి చూస్తారో, కునుకు తీస్తారో, ఇంటికి ఫోను చేసి పాల ప్యాకెట్టు గురించి చెబుతారో మీ ఇష్టం, దానికి నొచ్చుకోవలసిన పని లేదు.

గడియారం చూసి చదవమనకుండా ఊళ్ల పేర్లు చెప్పడానికి కారణం ఉంది. ‘రోజూ పావుగంట చదవాలి’ అనుకున్నప్పుడు ఆ పావుగంట ఎప్పుడు మొదలవుతుందో ఎవరికీ తెలియదు. అది ఇప్పుడు కాకపోతే ఇంకాసేపటికి అంటూ వారధి దాకా జరుగుతూ పోతుంది. ఊరు మాత్రం జరగదు. నేను చాలా ఏళ్లు సీజన్ టికెట్టు మీద గుంటూరు, విజయవాడల మధ్య ప్యాసింజరు బండిలో తిరిగినవాణ్ణి. నంబూరులో ఒక పెద్దాయన ఎక్కేవారు. ఆయన పుస్తకానికి ఎప్పుడూ ఒక ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టి ఉండేది. బండి కదలగానే ఆ బ్యాండు తీసి ఎడమ మణికట్టుకు గాజులా తొడుక్కుని చదవడం మొదలుపెట్టేవారు. కృష్ణా కెనాల్ దాటి బండి కృష్ణ మీది వంతెన ఎక్కేసరికి చక్రాల చప్పుడు మారుతుంది కదా, ఆ చప్పుడు వినగానే, చదువుతున్న వాక్యం సగంలో ఉన్నా సరే, బ్యాండు మణికట్టు మీది నుంచి పుస్తకం మీదికి వెళ్లిపోయేది. కనీసం ఆ వాక్యమైనా పూర్తి చేయవచ్చు కదండీ అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను. ‘సగంలో ఆపితేనే రేపు తెరవబుద్ధవుతుంది’ అన్నారు. నేను ఇప్పటికీ అధ్యాయం చివర పుస్తకం మూయను.

ఇక తల తిప్పడం గురించి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద సమస్య ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. శరీరం కదులుతోందా, నిలకడగా ఉందా అన్న సంగతిని మెదడు రెండు చోట్ల నుంచి తెలుసుకుంటుంది: ఒకటి కన్ను, రెండు లోపలి చెవి. బస్సులో మీరు పేజీ మీదే చూపు నిలిపినప్పుడు కన్ను ‘ఏమీ కదలడం లేదు’ అని చెబుతుంది, లోపలి చెవి మాత్రం ప్రతి కుదుపునూ ప్రతి మలుపునూ పసిగట్టి ‘కదులుతున్నాం’ అంటుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగకపోవడం వల్లనే వికారం పుడుతుంది. అది రాబోయే ముందు చాలామందికి ఆవులింతలు, మత్తు వస్తాయి. మీరు నిద్ర వేరు, తల తిప్పడం వేరు అని రాశారు. నా అనుమానం రెండూ ఒకటేనని. రాత్రి సరిగా నిద్రపోయిన రోజున కూడా పుస్తకం తెరవగానే ఆవులింతలు వస్తుంటే అది బద్ధకం కాదు, చెవికీ కంటికీ మధ్య తగాదా మొదలైందన్న కబురు.

ఆ తగాదాను పూర్తిగా తీర్చలేం కానీ తగ్గించవచ్చు. వెనుక చక్రాల మీదా, వాటి వెనుకా ఉండే సీట్లలో కుదుపు ఎక్కువ, అందువల్ల బస్సు మధ్య భాగంలోనో అంతకన్నా ముందో కిటికీ పక్కన కూర్చోండి. పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని తల పూర్తిగా వంచి చదవకండి. బ్యాగును ఒళ్లో నిలువుగా నిలబెట్టి, దాని మీద పుస్తకం ఆనించి, గుండెల ఎత్తున పట్టుకోండి. అప్పుడు పేజీ పైఅంచుకు అవతల కిటికీ, కదిలే పొలాలు ఓరగా కనిపిస్తూనే ఉంటాయి, కంటికి కూడా కదలిక తెలుస్తుంది. ఒక్కొక్క పేరా అయినప్పుడల్లా తలెత్తి దూరంగా ఉన్న దేన్నైనా చూడండి. మంగళగిరి కొండ ఆ దారిలో చాలాసేపు కనిపిస్తుంది, కదలకుండా కనిపించే వస్తువుగా అంతకన్నా మంచిది దొరకదు. ఖాళీ కడుపుతో ఎక్కకండి, నూనె ఓడే పునుగులు తిని కూడా ఎక్కకండి. మొదటి వారం రెండు పేజీలతో ఆపండి, ఒళ్లు అలవాటు పడేకొద్దీ పెంచండి. ఆవులింత వచ్చిన వెంటనే పుస్తకం మూయాలి. వికారం మొదలయ్యాక మూస్తే అది తగ్గడానికి చాలాసేపు పడుతుంది, మర్నాడు పుస్తకాన్ని చూస్తేనే ఒళ్లు జంకుతుంది. ఇవన్నీ చేసినా తగ్గకపోతే నెలరోజులు రైలులో వెళ్లి చూడండి. పట్టాల మీద హఠాత్తు బ్రేకులు, మలుపులు తక్కువ కాబట్టి బస్సులో చదవలేని వారు కూడా రైలులో చదవగలగడం నేను చూశాను.

తెలుగు చదివేవారికి ఇందులో మరొక చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన అక్షరానికి పైన గుడులు, ఏత్వాలు, కింద ఒత్తులు ఉంటాయి. చిన్న అచ్చులో, వరుసల మధ్య ఎడం తక్కువగా ఉన్న పుస్తకంలో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతూ ఉంటాయి. ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పుడు అది తెలియదు. బస్సు కుదుపులో మాత్రం కన్ను ఒక వరుస నుంచి మరొక వరుసకు జారిపోయి, చదివిందే మళ్లీ చదువుతూ, మనసు నిలవడం లేదని మనల్ని మనమే నిందించుకుంటాం. అందువల్ల ప్రయాణానికి పుస్తకం ఎంచుకునేటప్పుడు కథ ఎంత బాగుందో చూసినట్టే అచ్చు ఎంత పెద్దదో కూడా చూడండి. కొట్లోనే పుస్తకాన్ని చేత్తో కొంచెం ఊపుతూ నాలుగు వాక్యాలు చదివి చూడండి. కొట్టువాడు వింతగా చూస్తే చూడనివ్వండి. బస్సులో చదివేటప్పుడు చదువుతున్న వరుస కింద టికెట్టును అడ్డంగా పెట్టుకుంటే చూపు జారదు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఇస్తున్న సున్నా రూపాయల టికెట్టు కూడా ఆ పనికి పనికివస్తుంది, దిగేటప్పుడు అదే గుర్తుగా పేజీలో ఉండిపోతుంది.

మీ అత్తయ్యగారి మాట సగం నిజం. కదిలే బస్సులో చదివితే కళ్లు అలసిపోతాయి, మంట పుడుతుంది, తలనొప్పి రావచ్చు. అవి విశ్రాంతితో తగ్గుతాయి తప్ప చూపు శాశ్వతంగా పాడవదు. మసక చీకట్లో మాత్రం చదవకండి. నలభై దగ్గరపడుతున్నకొద్దీ దగ్గరి అక్షరాలు ఆనకపోవడం సహజం కాబట్టి, తలనొప్పి తరచుగా వస్తుంటే నేరం బస్సు మీద వేయకుండా ఒకసారి కంటి పరీక్ష చేయించుకోండి. ఈ సంగతి చెబితే అత్తయ్యగారు కూడా సంతోషిస్తారు.

ఫోను విషయంలో పెద్ద పెద్ద ప్రతిజ్ఞలు అక్కర్లేదు. మీ చేయి ఫోను మీదికి పోవడానికి కారణం మీ బలహీనత కన్నా బ్యాగు అమరిక. ఫోను పై అరలో ఉంటుంది, పుస్తకం టిఫిను డబ్బా కిందా గొడుగు కిందా ఉంటుంది. కుదిపే బస్సులో ఒక చేత్తో అందేదే గెలుస్తుంది. ఆ రెండిటి చోట్లూ మార్చండి. ఇంకా మంచిది, పుస్తకాన్ని బస్సు ఎక్కకముందే చేతిలోకి తీసుకోండి. సీటులో కూర్చున్నాక పుస్తకం తీయడం ఒక పని. ముందే చేతిలో ఉంటే దాన్ని లోపల పెట్టడమే పనవుతుంది. ఫోనులోనే చదువుతానంటే నాకు అభ్యంతరం లేదు. తెలుగు వికీసోర్స్‌లో కాపీహక్కులు తీరిన పాత పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, అక్షరాన్ని కావలసినంత పెద్దది చేసుకోవచ్చు. అయితే ఇంట్లోనే దించుకుని, చదివేంతసేపూ డేటా ఆపేయాలి. ఆ ఒక్క మీట నొక్కలేనివారు కాగితం పుస్తకమే పట్టుకోవడం మేలు.

ఇప్పుడు ఆ 700 పేజీల నవల. దాన్ని బ్యాగులోంచి తీసి ఇంట్లో పడకగదిలో పెట్టేయండి. నవల చెడ్డదని కాదు, అది బస్సు పుస్తకం కాదు. పాత్రలు పాతికమంది, రెండు వంశాలు, మూడు కోటలు ఉన్న కథను రోజుకు ఆరు పేజీల చొప్పున చదివితే, సోమవారం యుద్ధానికి బయలుదేరిన సేనాపతి ఏ పక్షమో గురువారానికి మరిచిపోతారు. బరువు కూడా తక్కువ కాదు. నిలబడవలసి వచ్చిన రోజున ఆ బరువే మీకు పుస్తకం మీద విసుగు పుట్టిస్తుంది. ప్రయాణానికి కథల సంపుటాలు, ఉత్తరాలు, చిన్న వ్యాసాలు, ఆత్మకథలు సరిపోతాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే శంకరమంచి సత్యం రాసిన అమరావతి కథలతో మొదలుపెట్టండి. మొత్తం 100 కథలు, ఒక్కొక్కటి కొద్ది పేజీలే, పెదకాకానిలో మొదలుపెడితే కాజ రాకముందే అయిపోతుంది. పైగా ఆ కథల ఊరు మీ బస్సు దారికి ఎంతో దూరం లేదు, ఆ కథల్లో పారే నదినే మీరు రోజూ దాటుతున్నారు. ఇంకొక మాట: నచ్చని పుస్తకాన్ని 20 పేజీల తర్వాత నిర్మొహమాటంగా వదిలేయండి. డబ్బు పెట్టి కొన్నాం కాబట్టి పూర్తి చేయాలన్న పట్టుదల చదువరులను తయారు చేసిన దానికన్నా పోగొట్టిందే ఎక్కువని నా అనుభవం.

వదిలేయాలంటే చవకగా దొరకాలి కదా అంటారేమో. మీ ఆఫీసు గవర్నర్‌పేటలో ఉంది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు మీకు కూతవేటు దూరంలో ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం భోజనం తొందరగా ముగించి ఒక పావుగంట ఆ కొట్ల ముందు నిలబడండి. పోటీ పరీక్షల గైడ్ల దొంతరల వెనక ఎవరో అమ్మేసిన కథల పుస్తకాలు, అట్ట మీద పాత యజమాని సంతకంతో సహా దొరుకుతాయి. కొత్తవి కావాలంటే ఏలూరు రోడ్డు ఉండనే ఉంది. బస్సు టికెట్టు మిగిలిన డబ్బులో వారానికి ఒక్క రోజు మొత్తాన్ని పక్కన పెట్టినా నెలకొక పాత పుస్తకం వస్తుంది. అసలు ఖర్చే వద్దనుకుంటే గుంటూరు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం ఎటూ కడుతూనే ఉన్నాం, ఆ పుస్తకాలు ముట్టుకోకుండా బీరువాల్లో ఉంచడం మీ లెక్కల వృత్తికి తగని పని. గ్రంథాలయ పుస్తకానికి మరో లాభం, తిరిగి ఇవ్వవలసిన తేదీ ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం పాటించండి: అరువు పుస్తకాన్ని బస్సు సీటు మీద పెట్టి చిల్లర వెతుక్కోకండి. నేను అలా ఒక దాన్ని పోగొట్టుకుని, వెల చెల్లించి, ఆ కథ చివరకు ఏమైందో ఇప్పటికీ తెలియకుండా ఉన్నాను.

ప్రయాణంలో చదవడం మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. మీ బస్సు రోజూ దాటే మంగళగిరికి దగ్గర్లోని పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలు తిరిగే కాలంలో, 1935లో, పాతూరి నాగభూషణం గారు ఆ పడవల్లో గ్రంథాలయం నడిపారు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన బెజవాడ దగ్గరే ఇది జరిగింది. పడవ నిదానంగా సాగుతుంది, కుదుపు ఉండదు, చేతిలో ఫోను లేదు. ఆ ప్రయాణికుల మీద నాకు కొంచెం అసూయ ఉందని ఒప్పుకుంటాను.

సాయంత్రం నిలబడి వచ్చే రోజుల్లో చదవాలని చూడకండి. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో పుస్తకం పట్టుకుంటే బ్రేకు పడినప్పుడు రెండూ వదిలేస్తారు. అప్పుడు వినవచ్చు. కథలు చదివి వినిపించే తెలుగు శబ్ద పుస్తకాలు ఇప్పుడు ఫోనులో చాలా దొరుకుతున్నాయి. ఒక చెవిలోనే ఇయర్‌ఫోను పెట్టుకోండి, రెండో చెవి కండక్టరు కేకకు, చుట్టూ ఉన్నవాళ్లకు ఉండాలి. వినడం చదవడం కిందికి వస్తుందా రాదా అన్న చర్చ పండితులకు వదిలేద్దాం. హరికథలు విని పెరిగిన తరం పిల్లలం మనం. ఓపిక లేకపోతే అది కూడా మానేయండి. ఉదయం ఆరు పేజీలు అయిపోయాయి కాబట్టి సాయంత్రం ఎవరికీ బాకీ లేరు. ఒకటి రెండు రోజులు తప్పిపోయినా ఆ పేజీలను మర్నాటి లెక్కలో కలపకండి. ఆఫీసులో చేసినట్టు పాత బాకీని ముందుకు లాగడం మొదలుపెడితే, నెలాఖరుకు పుస్తకం తెరవడానికే భయం వేస్తుంది.

చివరిగా, పక్కసీటు నుంచి తొంగి చూసేవారి సంగతి. అట్టకు కాగితం చుట్టుకోమనీ, కిటికీ వైపు తిరగమనీ చెప్పవచ్చు కానీ నాకు అలా చెప్పబుద్ధి కావడం లేదు. ఒకరోజు ప్యాసింజరులో నా పక్కన మిరపకాయల కమిషను వ్యాపారి ఒకాయన కూర్చున్నారు. చొక్కా నిండా యార్డు ఘాటు, నాకు తుమ్ములు. ఆయన నా పుస్తకంలోకి వంగి వంగి చూస్తుంటే విసుగొచ్చి, గబుక్కున పేజీ తిప్పాను. ‘ఒక్క నిమిషం ఆగండి సార్, ఇంకా రెండు లైన్లున్నాయి’ అన్నారు. పేజీ వెనక్కి తిప్పి పట్టుకున్నాను. మంగళగిరి దాకా అలాగే ఇద్దరం కలిసి చదివాం, నేను కొంచెం నిదానించాను, ఆయన కొంచెం తొందరపడ్డారు. దిగేటప్పుడు పుస్తకం పేరు అడిగి, జేబులోంచి చీటీ తీసి, దాని మీద ఉన్న బస్తాల లెక్క కింద రాసుకున్నారు. మీ పక్కన కూడా అలాంటివారు కూర్చుంటే, పేజీ తిప్పే ముందు ఒకసారి వారివైపు చూడండి.